మధ్య పట్టిక

14 జూన్ 1988, మంగళవారం, తొర్రూరు

పాలు, కిరోసిన్, కూలీల లెక్కలు రాసే పుస్తకం వేరే ఉంది. మాటలు రాసే అలవాటు నాకు లేదు. బతుకంతా బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఇప్పుడు మాటలు రాసుకోవడం దేనికంటే, ఇవాళ నేనొకటి చూశాను. దాన్ని ఎవరితోనూ అనలేను. కొడుకు జగపతితో అసలే అనలేను. కనుక ఇక్కడ.

పొద్దున పేపర్లో టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చాయి. సోని నంబరు లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. దాని ముందు నంబరు ఉంది, తర్వాతి నంబరు ఉంది. సోనిది లేదు.

రెండేళ్ళు ఈ వరండాలోనే కూర్చోబెట్టి చెప్పాను. వాళ్ళ తండాలో పదో తరగతి దాటిన ఆడపిల్ల అదొక్కతే. ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చినప్పుడు తెలుగు తడబడేది, వాళ్ళింట్లో మాట వేరు. లెక్కను ముందు తన భాషలో గొణుక్కుని, తర్వాత తెలుగులో జవాబు చెప్పేది. నవ్విన వాళ్ళను బెంచీ ఎక్కించాను.

కాసేపటికి సోని తండ్రి హీర్యా వచ్చాడు. గడప దాటలేదు.

"మా పిల్ల నంబరు లేదంటున్నరు పంతులమ్మా. నువ్వొక్కపారి జూడు."

"చూసిన హీర్యా. లేదు."

"పేపరోళ్ళు మరిచిండ్రేమో."

"పేపర్ వాళ్ళు మరిచేదేం లేదు. ఈసారి మార్కులు కంప్యూటర్ మిషన్ కూడింది. మిషన్ తప్పు చెయ్యదు."

కొంచెం గొప్పగానే అన్నాను. ఆ మిషన్ నా మనవరాలు అహల్య పనిచేసే కంపెనీది. హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ అది. అహల్య శనివారం చెప్పకుండా వచ్చింది. రెండు వారాలు సెలవంది. అమ్మానాయనలున్న మానుకోటకు కాక నేరుగా నా దగ్గరికి వచ్చింది.

నేనా మాట అన్నప్పుడు అహల్య వంటింట్లో చారుకు పోపు పెడుతోంది. గరిటె చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. పోపు మాడుతోంది. అహల్య చూపు పొయ్యి మీద లేదు, నా మీద ఉంది. ఆ చూపు నాకు తెలుసు. తప్పు చేసి దొరికిన పిల్ల చూపు కాదది. తన తప్పుకు పక్కపిల్ల దెబ్బ తింటుంటే చూసే పిల్ల చూపు.

"మాడుతున్నది," అన్నాను. గిన్నె దించింది.

హీర్యా దండం పెట్టి వెళ్ళాడు.

ఎండ దెబ్బ అయి ఉంటుంది. వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు.

15 జూన్

వాన. సోని రాలేదు. మాడిన చారు నిన్ననే పారబోశాం, గిన్నె అడుగు ఇవాళ కూడా తోమాను.

16 జూన్, గురువారం

అహల్యను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాను. నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. నాలుగేళ్ళుగా అందరితో మా మనవరాలు కంప్యూటర్ అని చెప్పుకుంటున్నాను తప్ప అంతకు మించి ఒక్క ముక్క తెలియదు.

"నీకెందుకు బాపమ్మా గదంత?"

"లెక్కల టీచర్ను. నాకు చెప్పరాకపోతె నీకు రానట్టే."

నవ్వింది. వచ్చాక ఇదే మొదటిసారి.

అర్థమైనంత రాస్తున్నాను. కంప్యూటర్ లోపల సంగతులు నిలిచే చోటును మెమరీ అంటారు. దాన్ని ఒకే కొలత ముక్కలుగా విడగొడతారు. ముక్క పేరు పేజీ. ఒకేసారి చాలా ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ప్రతి ప్రోగ్రామూ తన పేజీలన్నీ ఒకటి నుంచి వరుసగా ఒకచోటే ఉన్నాయనుకుంటుంది. నిజానికి అవి ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. ఎవరి పేజీ ఎక్కడ ఉందో రాసి పెట్టుకునేది పేజీ పట్టిక. ఆ పట్టికలన్నీ చూసుకుంటూ అందరికీ చోటు పంచే పెద్ద ప్రోగ్రామును కెర్నల్ అంటారు.

"పట్వారీ అన్నమాట."

"పట్వారీయే. లంచం తినడు, గంతే తేడ."

"పట్టిక ఒక్కటుంటె చాలదా?"

"పేజీలు లక్షలుంటయి బాపమ్మా. అన్నీ ఒక్కదాంట్ల రాస్తె పట్టికకే చోటంత పోతది. అందుకని రెండు మెట్లు." సుద్దముక్క తీసుకుని గచ్చు మీద గీసింది. "పైన జిల్లా పట్టిక. ఏ ఊరికి పోవాల్నో చెప్తది. కింద ఊరి పట్టిక. ఏ ఇల్లో చెప్తది. మనుషులు లేని ఊరికి అసలు పట్టికే రాయం."

"బాగున్నది."

"గిప్పుడు మెమరీ పెరిగింది. ఊర్లన్నీ జిల్లా పట్టికల పడ్తలేవు. మధ్యల ఇంకొక మెట్టు పెట్టాలె."

"మండలం."

"గంతే, మండలం!" నా మోకాలు చరిచింది. "గా మధ్య పట్టిక పెట్టింది నేనే. పోయిన దసరా నుంచి గదే పని. కెర్నల్ మొత్తం వెతికిన. యాడాడ జిల్లా నుంచి సీదా ఊరికి పొయ్యే తొవ్వ ఉన్నదో, ఆడంత మండలం మీదికెళ్ళి తిప్పిన."

ముఖం వెలిగింది. భిన్నాల కూడిక వచ్చిన రోజు కూడా ఇట్లాగే ఉంది దీని ముఖం.

"నాలుగు ఊళ్ళే ఉన్న చిన్న ప్రోగ్రాముకు మండలం దేనికి?" అన్నాను.

"దానికి మండలం పేరుకే. ఒక్కటి ఉంటది, అడిగితె అటు పో అని చూపెడ్తది."

"పని అయిపోయి ఊరు ఖాళీ అయితే?"

"మండలంల ఊరి పేరు కొట్టేసి, ఊరి పట్టిక తీసేస్తం. ఆ చోటు ఇంకొకల్లకు ఇస్తం."

"మండలంల ఊళ్ళన్నీ ఖాళీ అయితే?"

"మండలం పట్టిక సుత తీసేసి, ఆ చోటు ఇంకొకల్లకు..."

"అంతకన్న ముందు జిల్లాల మండలం పేరు కొట్టేస్తరు కద?"

క్లాసులో అడిగినట్టే అడిగాను. ఒక మెట్టు చెప్పినవాళ్ళను తర్వాతి మెట్టు అడగడం నా అలవాటు. అంతకంటే ఏమీ లేదు.

అహల్య గచ్చు మీద గీతల్ని అరచేత్తో తుడిచేసింది. తల నొస్తున్నదని లోపలికి పోయింది.

నేను వెంట వెళ్ళి అడగలేదు. పిల్ల అలసిపోయి ఉంది.

17 జూన్

బట్టల దుకాణం సోమనర్సయ్య లడ్డూలు పట్టుకొచ్చాడు. కొడుకు మధుకర్ ట్రైనింగ్ పరీక్ష పాసయ్యాడట.

"ఎప్పుడు రాసిండు?" అన్నాను. పరీక్ష రోజు మధుకర్ వరంగల్లో దవాఖానలో ఉన్నాడు. ముందు రోజే స్కూటర్ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బజారులో అందరికీ తెలుసు.

"గదే కద పంతులమ్మా విచిత్రం! రాయకున్నా పాసయిండు. ఫీజు కట్టినం, హాల్ టికెట్ వచ్చింది, మిగిలింది దేవుడు జూసుకున్నడు." గొంతు తగ్గించాడు. "రాస్తె తప్పుతుండెనేమో గని!"

నవ్వాను. లడ్డూ తిన్నాను. అహల్య లోపలి గదిలో ఉంది. మంచం కోళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది.

సోమనర్సయ్య వెళ్ళాక పేపరు తీశాను. మధుకరూ సోనీ ఒకే సెంటరు. ఇద్దరివీ ఒకే వరుసలో దగ్గర దగ్గర నంబర్లు: అతనిది ఉంది, సోనిది లేదు. పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

అచ్చు తప్పు. పేపర్ వాళ్ళు నిర్లక్ష్యంగా ఉంటారు.

18 జూన్

అచ్చు తప్పే.

19 జూన్, ఆదివారం

మానుకోట నుంచి జగపతి వచ్చాడు. కోడలు పచ్చడి పంపింది. బిడ్డ ఎందుకట్ల చిక్కిందని అడిగాడు. ఎండ వల్ల అన్నాను.

భోజనాల దగ్గర వాళ్ళ బ్యాంకు మేనేజరు సంగతి చెప్పాడు. ఆయన కూతురు కూడా కంప్యూటర్ చదువుతానంటోందట. అహల్యతో ఒకసారి మాట్లాడించమన్నాడట. "మా అహల్య పట్టిన పని తప్పిపోదు అని చెప్పిన," అన్నాడు.

"అన్నం చల్లారుతున్నది నాయినా," అంది అహల్య.

బస్సు ఎక్కించి వచ్చాం.

అచ్చు తప్పయితే మర్నాడో మూడోనాడో సవరణ వేస్తారు. ఇవాళ్టి దాకా వెయ్యలేదు.

20 జూన్

అహల్య హైదరాబాదుకు ట్రంక్ కాల్ చెయ్యాలంటే పోస్టాఫీసుకు తోడు వెళ్ళాను. లైన్ కలిసేదాకా బెంచీ మీద కూర్చున్నాం. కలిశాక లేచి దూరంగా నిలబడి మాట్లాడింది. ఆ లైన్ మీద అరిస్తే తప్ప వినపడదు కనుక నాకూ వినపడింది.

"టేపులున్నయి కద భూపాల్ సార్. మల్ల ఒక్కసారి నడిపిస్తె చాలు."

"..."

"సంతకం నాదే సార్. కాదంటలేను."

"..."

"తెలుసు సార్. కంపెనీకి వచ్చే పెద్ద ఆర్డరు పోతదని కూడ తెలుసు."

ఫోను పెట్టేసి వచ్చింది. పోస్టుమాస్టరు తలెత్తి, "ఏమన్న పరేషానా బిడ్డా?" అన్నాడు. ఏం లేదన్నాను నేను. అడిగింది అహల్యను.

21 జూన్, మంగళవారం

హీర్యా ఈసారి సోనిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆదివారం పొద్దున తండా నుంచి లారీ పోతుందట. భూపాలపల్లి దిక్కు ఇళ్ళు కడుతున్నారట, ఇటుకలు మోసే పని. హీర్యా బామ్మర్ది అక్కడ మేస్త్రీ. సోని కూడా పోతుంది. వాళ్ళలోనే ఒక పిల్లగాణ్ణి చూసి పెట్టారట.

"ఏడాది ఆగితె మల్ల రాస్తది కద హీర్యా," అన్నాను.

"ఏడాదా? గీ రెండేండ్లకే తండల నన్ను జూసి నవ్వవట్టిరి. నేను కల్లు కాడికి పోతె, లేవుండ్రి, టీచరమ్మ నాయిన వచ్చిండు, జాగియ్యుండ్రి అంటరు. ఇంక ఏడాది నావల్ల గాదు పంతులమ్మా."

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డప్పుడు నేను జనగామలో పనిచేస్తున్నాను. మళ్ళీ తలుపులు తెరిచిన రోజు మగపిల్లలు దాదాపు అందరూ వచ్చారు. ఆడపిల్లల బెంచీలు సగం ఖాళీ. మగపిల్లలకు ఏడాది పోతే ఏడాదే పోతుంది. ఆడపిల్లలకు ఆ ఏడాదిలో పెళ్ళి అయిపోతుంది. అది కళ్ళారా చూసిన దాన్ని. అయినా ఏడాదే కదా అన్నాను.

సోని అప్పటిదాకా నేల చూస్తూ నిలబడింది.

"టీచర్, నేను అన్నీ రాసిన. పడవ లెక్క అచ్చింది. గడియారం లెక్క అచ్చింది. జవాబులు సుత చెప్త." చెప్పింది. రెండూ సరైనవే.

"భయంల చివరకు వేరేది రాసి ఉంటవు."

"లేదు టీచర్. రాసినంక సరి సుత చూసిన." తల ఎత్తింది. "మిషన్ తప్పు చెయ్యదా టీచర్?"

అహల్య తలుపు దగ్గర నిలబడి ఉంది.

"చెయ్యదు," అన్నాను.

నేనిచ్చిన పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టి తండ్రి వెనక వెళ్ళిపోయింది. ఒక్క పుస్తకానికి కూడా మూల మడత పడలేదు. అట్టలన్నీ కొత్తగా వేసి తెచ్చింది.

22 జూన్

చెయ్యదు అని రెండోసారి అన్నాను.

23 జూన్, గురువారం

పప్పు ఏరుతుంటే అహల్య వచ్చి చాట పక్కన కూర్చుంది.

"బాపమ్మా, నీ పింఛన్ కాగితం యాదికున్నదా?"

ఎందుకు లేదు. తాలూకాలు, సమితులు ఎత్తేసి మండలాలు పెట్టిన ఏడాది అది. పై ఆఫీసు వాళ్ళ దగ్గర పాత ఆఫీసు చిరునామాయే ఉంది. నా కాగితాలు అక్కడికే పంపారు. ఆ భవనాన్ని అప్పటికే పశువుల దవాఖానకు ఇచ్చేశారు. అక్కడి గుమస్తా తన బల్ల మీదికి వచ్చిన కాగితమల్లా తనదే అనుకుని ముద్ర కొట్టి తిప్పి పంపేవాడు. నేను మంచి ఆరోగ్యంతో ఉన్నానని పశువుల డాక్టరు సంతకం చేసిన కాగితం ఇంటికి వచ్చింది. అది చూసి అహల్య పడీ పడీ నవ్వింది. జగపతికి కూడా చదివి వినిపించింది.

"గదే అయింది," అంది ఇవాళ. నవ్వలేదు. "మండలం ఖాళీ అయితె ఆ పట్టిక తీసేసి చోటు వేరేవాళ్ళకు ఇచ్చిన. జిల్లా పట్టికల దాని పేరు కొట్టెయ్యలె. నువ్వు ఆనాడు అడిగినవు చూడు, గదే. ఆ చోట్ల ఇంకొక ప్రోగ్రాం పట్టిక వచ్చి కూసున్నది. తొర్రూరు పిల్లల మార్కులు తెమ్మంటె మిషన్ పాత తొవ్వల్నే పోయింది. ఆడ వేరే దిక్కు పిల్లల మార్కులున్నయి. అవ్వే తెచ్చి వీళ్ళకు వేసింది."

"పశువుల డాక్టర్ ముద్ర."

"ఆఁ."

"ఎంతమందికి?"

"ఒక ముక్క మొత్తం. వందలల్ల ఉంటరు. కొందరు పాసయినోళ్ళు తప్పిండ్రు, కొందరు తప్పినోళ్ళు పాసయిండ్రు. మధుకర్ అసలు రాయనే లేదు."

ఇక్కడికి వచ్చే ముందు రోజే అనుమానం వచ్చిందట. పెద్ద మిషన్ మీద తనే ఒక పెద్ద పని ఎక్కించి చూస్తే తప్పు దొరికింది. లోపల నాలుగు వాక్యాలు కలిపితే సరిపోయింది. పై అధికారి భూపాల్‌కు చెప్పింది. కలిపినవు కద, ఇగ ఇంటికి పోయి పండుకో అన్నాడట. అది మార్కుల మీద పడిందో లేదో అప్పటికి తెలియదు. సోమనర్సయ్య లడ్డూలు తెచ్చిన రోజు తెలిసింది.

"ముందే పరీక్షించవా?" అన్నాను. నా గొంతు క్లాసులో గొంతులాగే ఉంది.

"చేసిన. అన్నీ చిన్న ప్రోగ్రాములతోని. మా దగ్గరున్న మిషన్లకు మెమరీ తక్కువ. వాటిల్ల మండలం ఒక్కటే ఉంటుండె, అది ఎన్నడు ఖాళీ కాలె. పెద్ద మిషన్ వచ్చిన వారంల్నే మార్కులు ఎక్కించిండ్రు. మూడు మెట్లు పరీక్షించిన అని కాగితం మీద సంతకం పెట్టిన. నేను చూసింది రెండు మెట్లే బాపమ్మా. మధ్యది పేరుకున్నది."

"సరే. సరిచేసినవు కద. అయిపోయింది."

"మిషన్ సరైంది. పేపర్ల వచ్చింది సరికాలె. మార్కుల టేపులు ఇంక ఉన్నయి. మల్ల నడిపిస్తె అసలు మార్కులు వస్తయి. నేను పరీక్షల ఆఫీసుకు రాస్త."

ఇక్కడి నుంచి నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నీ పేరు ఖరాబైతది అన్నాను. ఆడపిల్లకు అంత పెద్ద పని ఇస్తె గిట్లనే ఉంటదంటరు, నీ తర్వాత వచ్చే పిల్లలను గేటు లోపలికి రానియ్యరు అన్నాను. భూపాల్‌కు లేని బాధ నీకెందుకన్నాను. సోనికి వచ్చే ఏడు నేనే ఫీజు కడతానన్నాను.

అహల్య అంతా విన్నది.

"నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు నువ్వు భాగహారం ఇచ్చినవు. చేసి, కింద ‘సరిచూసితిని’ అని రాసిన. నువ్వు నా పలక తీసుకుని, ఏది, సరిచూసిన లెక్క ఏది అన్నవు. లేదు. చూడకుంటనే రాసిన. జవాబు కరెక్టే ఉండె. సున్న వేసినవు."

"అది బడి," అన్నాను. "ఇది బతుకు."

లేచి వెళ్ళింది. ఏరిన రాళ్ళన్నీ తిరిగి పప్పులో పోశానని చాట ఎత్తాక తెలిసింది.

24 జూన్

రాత్రి ఆలోచించి మంచి దారి దొరికిందనుకున్నాను. పొద్దున్నే అర్జీ రాశాను. మధుకర్ అనే అభ్యర్థి పరీక్షకు హాజరు కాకుండానే ఉత్తీర్ణుడైనట్టు ప్రకటించారు, విచారించగలరు. అహల్య పేరు లేదు, కంపెనీ పేరు లేదు. రిటైరైన ఉపాధ్యాయురాలు రాసిన అర్జీ, అంతే. అహల్యకు చూపించాను.

చదివి తిరిగి ఇచ్చింది. "మధుకర్ ఒక్కని పేరు కొట్టేస్తరు బాపమ్మా. సోని పేరు ఎక్కియ్యరు. ముక్కకు ముక్క మారిందని వాళ్ళకెట్ల తెలుస్తది? తెలిసింది ఇద్దరికే. భూపాల్ సార్ చెప్పడు."

తన ఉత్తరం అప్పటికే రాసి ఉంది. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. కింద పూర్తి పేరు, ఉద్యోగం, సంతకం. తెలుగుది చూసిపెట్టమంది. మధ్య పట్టికను పెద్ద మిషన్ మీద నేను పరీక్షించలేదు అని ఉంది అందులో. ఎర్ర పెన్ను తీసుకుని, సమయం చాలనందున పూర్తిగా పరీక్షించలేకపోయాను అని మార్చాను. అహల్య నా ఎర్ర గీతను కొట్టేసి, తన మాట తిరిగి రాసింది.

"సోమవారం నేనే పోయి ఇస్త. నువ్వు ఒప్పుకోకున్నా పోత. ఒప్పుకుంటె బాగుంటది."

ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను.

25 జూన్, శనివారం

దిండు గలీబుల బట్టకు సోమనర్సయ్య దుకాణానికి వెళ్ళాను. లోపల సోని ఉంది. తల మీద ఇటుకలు పెట్టుకోవడానికి చుట్టబట్ట కొంటోంది. గట్టిది ఇయ్యి సేటూ, అంటోంది. నన్ను చూసి పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

సోమనర్సయ్య బట్ట చింపి ఇచ్చి, డబ్బాలో మిగిలిన లడ్డూ ఒకటి తీశాడు. "తిను బిడ్డా. మావోడు పాసయిండు."

సోని రెండు చేతులతో తీసుకుంది. కాలు విరిగిన సంగతి తండా దాకా పోలేదు.

"మధుకర్ అన్న మంచిగ రాసి ఉంటడు," అంది.

సోమనర్సయ్య చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. సోని లడ్డూను చుట్టబట్ట కొంగులో కట్టుకుని, నాకు చెప్పి వెళ్ళింది.

"నేనేమన్న తప్పు జేసిన్నా పంతులమ్మా?" అన్నాడు సోమనర్సయ్య.

"నువ్వు చెయ్యలె."

"మరి గట్ల జూస్తవేంది?"

అక్కడే నిలబడి చెప్పాను. ఎవరి మిషనో, ఎవరి మనవరాలో, అంతా చెప్పాను. నోటితో చెప్పడం ఇదే మొదటిసారి. అనుకున్నంత సేపు పట్టలేదు. ఆయన గల్లాపెట్టె మూత మీద వేళ్ళతో కొడుతూ విన్నాడు.

"అంటె మావోనిది పోతది."

"పోతది. రాయలేదు కద."

"రాయలేదు," అన్నాడు. కొంతసేపటికి, "ఊరంత లడ్డూలు పంచితిని గద పంతులమ్మా," అన్నాడు. ఆ తర్వాత నేను అడగకుండానే లోపలికి పోయి కొడుకు దవాఖాన కాగితం వెతికి తెచ్చాడు. కాలు విరిగిన తేదీ, చేర్చుకున్న తేదీ ఉన్నాయి. గలీబుల బట్ట కొనడం ఇద్దరమూ మరిచిపోయాం.

ఇంటికి వచ్చి ఆ కాగితం అహల్య ఉత్తరాల పక్కన పెట్టాను. అహల్య చూసింది. నా కంచంలో కూడా అన్నం పెట్టింది. ఇద్దరం తిన్నాం.

ఇక జరగవలసినవి:

1. రేపు లారీ కదలకముందే తండాకు పోవాలి. హీర్యాకు సంగతి అహల్య చెబుతుంది, నేను మధ్యలో మాట్లాడకూడదు. నేను చెప్పవలసింది ఒక్కటే: మిషన్ తప్పు చెయ్యదని రెండుసార్లు అన్నాను. మొదటిసారి తెలియక, రెండోసారి తెలిసి. అది సోని వినేట్టు చెప్పాలి.

2. హీర్యా తిడితే పడాలి. పాసైనవాళ్ళ సర్టిఫికెట్లు చూసే తేదీ దాటేదాకా సోనిని లారీ ఎక్కించవద్దని అడగాలి. అడగాలి, బడిలో చెప్పినట్టు చెప్పకూడదు.

3. సోమవారం మొదటి బస్సుకు హైదరాబాదు. అహల్య ఉత్తరం, మధుకర్ దవాఖాన కాగితం పరీక్షల ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. టేపులు చెరపవద్దని అహల్య ఉత్తరం చివర రాసింది, అది నోటితో కూడా చెప్పాలి.

4. అక్కడి నుంచి కంపెనీకి. భూపాల్‌తో అహల్యే మాట్లాడుతుంది. నేను బయట కూర్చుంటాను. ఉద్యోగం పోతే తన సామాను తెచ్చుకోవడానికి పెద్ద సంచి ఒకటి తీసుకుపోవాలి.

5. జగపతికి ఉత్తరం రాయాలి. ఎండ వల్ల కాదని.

6. సోని తిరిగి ఇచ్చిన పుస్తకాలు రేపే తీసుకుపోవాలి. వరండాలో తన చోట వేరే ఎవరినీ కూర్చోనివ్వకూడదు.

7. మళ్ళీ లెక్క కట్టినా సోని తప్పిందనే రావచ్చు. అది కూడా జరగవచ్చు. అట్లా వస్తే తండాకు పోయి ఆ మాట నేనే చెప్పాలి. ఎవరు సరిచూశారని సోని అడుగుతుంది. దానికి చూపించే జవాబు నా చేతిలో ఉండాలి.